విమల చేతిలో కళ్లెం

ఆ మంగళవారం ఉదయం నరేందర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ తాగాలి, గడ్డం గీసుకోవాలి, భార్యను సర్పంచ్ చేయాలి.

తాళ్లకుంట సర్పంచ్ పదవి ఈసారి మహిళలకు రిజర్వ్ అయింది. ఆ వార్త తెలిసిన పూట నరేందర్ అన్నం ముట్టలేదు. మరుసటి పూట ముద్ద కలుపుతుండగా దారి కనిపించింది. పేరు విమలది, కుర్చీ తనది. సంతకం ఆమెది, గొంతు తనది. చుట్టుపక్కల ఊళ్లలో ఇలాగే నడుస్తోంది కాబట్టి ఇందులో తప్పుందన్న అనుమానం అతనికి రాలేదు. అలాగని అనుమానాలు లేని మనిషేం కాదు. కేసముద్రం మార్కెట్లో తన మక్కలు తూచే కాంటానే కాదు, ఆ కాంటా మీద వాలిన ఈగను కూడా అనుమానించేవాడు. ఇన్నేళ్లలో అతను అనుమానించనిది ఒక్క విమలనే.

గడ్డానికి సబ్బు రాసుకుని, వెలుతురు కోసం అద్దం పట్టుకుని పెరటి వైపు వెళ్లాడు. నల్లా దగ్గర విమల ఫోన్లో మాట్లాడుతోంది. గొంతు బాగా తగ్గించింది. తగ్గించిన గొంతు నరేందర్ చెవికి ఎప్పుడూ పెద్దగానే వినిపిస్తుంది.

"ఇన్ని దినాలు పక్కన నడుసుడే అయింది సార్. గురువారం నుంచి నేనే లీడర్ అంటే జర భయమైతుంది... లేదు, ఇంట్ల ఆయనకు తెల్వదు. తెలిస్తే ఊకుంటడా?... కళ్లెం నా చేతిల ఉంటే సాలు, ఎటు తిప్పాల్నో నాకెరికె... గోపాలన్నను గూడ రమ్మనుండ్రి."

నరేందర్ గడ్డం మీది సబ్బు ఆరిపోయింది.

గురువారం నామినేషన్లకు ఆఖరి రోజు. గోపాల్ అంటే ఊళ్లో అవతలి పార్టీ. అతని కోడలు రక్షిత ఎదుటి అభ్యర్థి. ఇక లీడర్ అంటే లీడరే.

విమల వెనక్కి తిరిగి అతన్ని చూసి ఉలిక్కిపడింది.

"ఎవలే ఫోన్ల?"

"కుట్టుమిషన్ నేర్పే సార్."

"ఏమంటుండు?"

"గురువారం జర జల్దీ రమ్మన్నడు."

కుట్టుమిషన్‌కు కళ్లెం ఉండదన్న సంగతి నరేందర్‌కు తెలుసు. అయినా అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే అనుమానం పోతుంది. అంత విలువైన అనుమానాన్ని ఒక్క ప్రశ్నతో పోగొట్టుకునే మనిషి కాడతను.

నరేందర్‌కు తెలియని సంగతి మనకు తెలిస్తే నష్టం లేదు. విమల కుట్టుమిషన్ నేర్చుకోవడం లేదు. కేసముద్రం రోడ్డు మీద మూతపడిన పత్తి గోదాం ఒకటుంది. దాన్ని సుభాష్ అనే ఫిజియోథెరపిస్ట్ అద్దెకు తీసుకుని, ఒక తెల్ల గుర్రాన్ని పెట్టి, కాళ్లు బిగుసుకుపోయే పిల్లలకు, నడుము నిలబడని పిల్లలకు వైద్యం చేస్తున్నాడు. గుర్రం నడుస్తుంటే దాని మీద కూర్చున్న పిల్లల నడుము కూడా నడిచినట్టే కదులుతుంది. మంచం మీద పడుకోబెట్టి ఎంత వంచినా వంగని కాళ్లు అక్కడ మెల్లగా వదులవుతాయి. దానికి జీతం లేకుండా పనిచేసే మనుషులు కావాలి. పిల్లకు చెరో పక్క ఒకరు కాలు పట్టుకుని నడవాలి. ముందు ఒకరు కళ్లెం పట్టి గుర్రాన్ని నడపాలి. ఆ ముందు మనిషిని వాళ్లు లీడర్ అంటారు.

ఇన్నాళ్లూ కళ్లెం పట్టినతనికి చెల్పూర్ కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. గురువారం నుంచి ఆ పని విమలది. భర్తకు ఎందుకు చెప్పలేదంటే, ఒకసారి ఆ గోదాం ముందు నుంచి పోతూ అతను "పటేళ్ల ఇంటి ఆడోళ్లు గుర్రప్పేడ ఎత్తితే ఎట్లుంటదో" అని నవ్వాడు. అప్పటికే ఆమె ఎత్తుతోంది. పైగా అక్కడికి వచ్చే పిల్లల్లో శ్రేయ ఒకతి. శ్రేయ గోపాల్ మనవరాలు.

నరేందర్ సగం గీసిన గడ్డంతోనే హన్మంతు ఇంటికి వెళ్లాడు. హన్మంతుకు ఎరువుల దుకాణం ఉంది. రాజకీయాల్లో నరేందర్‌కు అతనే కళ్లూ చెవులూ. మెదడు మాత్రం ఎవరి దగ్గరుందో ఇద్దరికీ స్పష్టత లేదు.

"కళ్లెం నా చేతిల ఉంటే సాలన్నదా?" హన్మంతు రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అంటే ఊరంత ఆమె చేతిల. పక్కన నడుసుడు అయిపోయిందన్నదంటే ఆ పక్క నువ్వే అన్నా. నీ పక్కన నడుసుడు అయిపోయింది."

"మరి సార్ ఎవడురా?"

"పైనుంచి వచ్చిండు. మానుకోట నుంచా, జనగామ నుంచా, గదే తెల్వాలె."

బుధవారం ఉదయం విమల స్కూటీ మీద బయలుదేరింది. బైకు మీద ఇద్దరూ వెంబడించారు. స్కూటీ కుట్టుమిషన్ సెంటర్ దాటింది, పత్తి గోదాం గేటులోకి తిరిగింది. నరేందర్ ఆ గోదాంలో పెండ్లిళ్లకు గుర్రాన్ని కిరాయికి ఇస్తారనుకునేవాడు. ఇప్పుడు అర్థమైంది. కిరాయికి ఇవ్వడం పైకి చెప్పే మాట.

గోదాం వెనక గోడ పక్కన ఇటుకలు పేర్చుకుని ఎక్కి ఇద్దరూ లోపలికి చూశారు.

తెల్ల గుర్రం నడుస్తోంది. కళ్లెం విమల చేతిలో ఉంది. గుర్రం మీద ఒక మనిషి ఉన్నాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. తల లేదు. చొక్కా చేతుల్లోంచి వరిగడ్డి బయటికి వచ్చింది. జేబు మీద సిరా మరక ఉంది. ఆ మరక నరేందర్ స్వయంగా చేసుకున్నది. ఆ చొక్కా పాత సామాను వాడికి వేశానని విమల చెప్పింది.

ఒక మూల మంచం మీద గోపాల్ కాలు మీద కాలేసుకుని చూస్తున్నాడు.

"పడిపోతుండు! దించుండ్రి!" అని సుభాష్ అరిచాడు. విమల గుర్రాన్ని ఆపింది. చెరో పక్క ఉన్నవాళ్లు గడ్డి మనిషిని చంకల కింద పట్టి గుంజి నేల మీదికి దించారు. గుర్రం బెదిరితే పిల్లను క్షణంలో ఎలా దించాలో వాళ్లు నేర్చుకుంటున్నారు. గోడ మీది నుంచి అది అలా కనిపించలేదు.

"అన్నా," అన్నాడు హన్మంతు. "నీ దిష్టిబొమ్మ."

"తలకాయ లేదు కదరా."

"తలకాయ లేకున్నా నువ్వే అని తెలుస్తుందన్నా."

"కాలవెడ్తరా?"

"ముందుగాల ఊరేగిస్తరు. తర్వాత కింద పడేస్తరు. కాలవెట్టుడు ఆఖరుకు. పద్ధతి గదే గదా, మనం ఎన్ని కాలవెట్టలే."

లోపల విమల బొట్టు చెదిరేలా చెమట తుడుచుకుంటూ అంది. "గడ్డి బొమ్మ కాబట్టి సరిపోయింది సార్. రేపు అసలు మనిషే ఉంటది."

నరేందర్ కాలి కింద ఇటుక కదిలింది. ఇద్దరూ తుమ్మకంపలో పడ్డారు. లోపలి వాళ్లకు వినబడకుండా బైకు దాకా పాక్కుంటూ వచ్చారు.

ఇంటికి వచ్చి ముళ్లు తీసుకుంటూ నరేందర్ తన జీవితంలోకెల్లా పెద్ద రాజకీయ నిర్ణయం తీసుకున్నాడు. అభ్యర్థిని మార్చాలి. అందుబాటులో ఉన్న మహిళ తల్లి వెంకటనర్సమ్మ ఒక్కతే. ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"అమ్మా, రేపు నువ్వు సర్పంచ్‌కు నామినేషన్ వెయ్యాలె."

"నేనేందిరా? విమల ఏమైంది?"

"ఆమె రాజకీయం జేస్తుంది."

"మరి నువ్వు జేసేదేంది?"

"నాది సేవ."

వెంకటనర్సమ్మ ఒక గింజను దూరంగా విసిరింది. "నాకు సంతకం రాదు."

"వేలు ముద్ర వెట్టు."

"వేలు వెడ్త. ఎవల కంట్ల వెట్టాల్నో గది జెప్పు."

రాత్రి అన్నం దగ్గర నరేందర్ అసలు పరీక్ష పెట్టాడు. నామినేషన్ నువ్వు కాదు, అమ్మ వేస్తుందని విమలతో చెప్పి ఆమె ముఖం చూశాడు. గురువారం రెండు పనులు ఎలా చేయాలా అని సతమతమవుతున్న విమల ముఖం వెలిగిపోయింది.

"మంచి మాట. అత్తమ్మయితేనే మంచిగుంటది," అని ఇంకో గరిటె పప్పు వేసింది.

కొట్లాడాల్సిన చోట సంతోషపడింది. అంతకన్నా రుజువు ఏం కావాలి? నరేందర్ ఆ పప్పును కూడా కాసేపు అనుమానంగా చూసి తిన్నాడు.

గురువారం ఊరేగింపు బయలుదేరింది. ట్రాక్టర్ ట్రాలీలో పరుపు వేసి వెంకటనర్సమ్మను కూర్చోబెట్టారు. ముందు డప్పులు, వెనక జనం. నామినేషన్లు తీసుకునే పంచాయతీ ఆఫీసు పక్క ఊళ్లో ఉంది. దారిలోనే పత్తి గోదాం. విమలకు, గోపాల్‌కు తన బలం చూపించి మరీ పోవాలని నరేందర్ పట్టుదల. "గేటు ముంగట ఆగి దంచుండ్రి," అన్నాడు డప్పుల వాళ్లతో. హన్మంతు పటాకుల దండకు అగ్గి ముట్టించి, చప్పుడు లోపలిదాకా పోవాలని గేటు కూడా తెరిచాడు.

లోపల విమల మొదటిసారి నిజంగా కళ్లెం పట్టింది. గుర్రం మీద శ్రేయ ఉంది. నెత్తికి హెల్మెట్, నడుముకు బెల్టు. ఒక పక్క సుభాష్, రెండో పక్క రిటైరైన బస్సు కండక్టర్ ఒకాయన. పటాకులు పేలగానే కండక్టర్ రెండు చెవులూ మూసుకుని గడ్డివాము వెనక్కి వెళ్లిపోయాడు.

ఇక్కడ గుర్రం సంగతి కొంత చెప్పాలి. దాని పేరు మోతీ. సుభాష్ దగ్గరికి రాకముందు అది బరాత్ గుర్రం. మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దాకా అది మోయని పెండ్లికొడుకు లేడు. చప్పుళ్లకు బెదరదనే సుభాష్ దాన్ని కొన్నాడు. ఆ మాట నిజమే. పటాకులకు మోతీ బెదరలేదు. బెదిరితే వేరుగా ఉండేది. అది సంతోషపడింది.

చెవులు నిక్కించింది, మెడ విల్లులా వంచింది, డప్పుకు అడుగు కలిపి గేటు వైపు కదిలింది. విమల పట్టు వదల్లేదు. ఆపడానికి చూసింది, ఆగలేదు. దాని లెక్క ప్రకారం బయట జనం ఉన్నారు, మేళం ఉంది, వీపు మీద మనిషి ఉంది. ఇక పెండ్లి పందిరికి పోవడమే మిగిలింది.

"డప్పు ఆపుండ్రి!" అని గోపాల్ గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆపకుండ్రి!" అని సుభాష్ అంతకన్నా గట్టిగా అరిచాడు. "డప్పు ఆగితే ముందుకాళ్లు మడిచి సలాం గొడ్తది! పిల్ల మెడ మీంచి జారిపోతది! మెల్లగ గొట్టుండ్రి, మెల్లగ!"

గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి విమలకు ఎదురుగా నరేందర్ నిలబడి ఉన్నాడు. చేతులు నడుము మీద, మీసం మీద నిమ్మకాయలు నిలిచేంత గాంభీర్యం. దిష్టిబొమ్మ కోసం వెతుకుతున్న అతని కళ్లకు హెల్మెట్ కింద పాలపళ్ల నోరు కనిపించింది. పిల్ల ఖాళీగా ఉన్న పక్కకు ఒరుగుతోంది.

"చూస్తవేందయ్యా!" విమల కేక డప్పులను మించిపోయింది. "కాలు పట్టుకో!"

ఊరేగింపు మొత్తం విన్నది.

"నేనా?" అన్నాడు నరేందర్.

"నువ్వే! గోపాలన్న మనవరాలి కాలు పట్టుకో! రెండు చేతులతోని!"

ఊరి జనం ముందు, తన సొంత ఊరేగింపులో, తన సొంత డప్పులు మోగుతుండగా నరేందర్ గోపాల్ మనవరాలి కాలు పట్టుకున్నాడు. ఒక చేయి తొడ మీద, ఒక చేయి నడుము వెనక. పట్టుకున్న తర్వాత తెలిసింది, అది కాలులా లేదు, ఎండిన కట్టెలా ఉంది.

"ఇప్పుడు దించుదమా?" అని సుభాష్ అవతలి పక్క నుంచి అడిగాడు.

"దించొద్దు!" అన్నది శ్రేయ. రోజూ రెండు చుట్లకే ఏడుపు మొదలుపెట్టే పిల్ల. ఇప్పుడు వెన్ను నిటారుగా పెట్టి, డప్పుకు తల ఊపుతోంది.

విమల ఒకసారి పిల్లను చూసింది, ఒకసారి గుర్రం చెవులను చూసింది. "డప్పు మెల్లగ రానీయుండ్రి. ఎవలు ఉరుకొద్దు. పటాకులు కాల్సినోడు నా కండ్ల వడొద్దు."

హన్మంతు ట్రాక్టర్ వెనక్కి వెళ్లిపోయాడు.

అలా సాగింది ఊరేగింపు. ముందు డప్పులు, వాటి వెనక కళ్లెం పట్టుకుని విమల, గుర్రం మీద గోపాల్ మనవరాలు, ఆమె కాలు పట్టుకుని నరేందర్, వెనక చేతులు జోడించి గోపాల్, ఆ వెనక ట్రాలీలో వెంకటనర్సమ్మ. పొలాల్లో పనిచేసుకునే వాళ్లు గట్ల మీదికి వచ్చి చూశారు. వార్త గుర్రం కన్నా ముందు నడిచింది. గుర్రం సగం దూరం పోయేసరికి, నరేందర్ గోపాల్ కాళ్లు పట్టుకున్నాడన్నారు. పక్క ఊరి పొలిమేరకు వచ్చేసరికి, రెండు పార్టీలు కలిసిపోయాయన్నారు. పంచాయతీ ఆఫీసు కనిపించేసరికి, విమల ఏకగ్రీవమట అన్నారు.

నరేందర్‌కు ఇవన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఖండించాలని నోరు తెరిచిన ప్రతిసారీ విమల వెనక్కి తిరగకుండానే "చెయ్యి!" అనేది. అతను నోరు మూసి చేయి సవరించేవాడు. నడుస్తున్న కొద్దీ అతని అరచేతి కింద ఏదో మారుతోంది. కట్టెలాంటి కాలు గుర్రం అడుగుతో పాటు కొద్దికొద్దిగా వదులై, ఒకచోట మెత్తగా అతని చేతికి బరువు ఇచ్చింది. నరేందర్ అడుగు తప్పాడు. వెంటనే కలుపుకున్నాడు.

ఆఫీసు ముందు రక్షిత నామినేషన్ వేయడానికి వచ్చి నిలబడి ఉంది. కూతురు గుర్రం మీద ఎవరి మీదా ఒరగకుండా రావడం చూసి ఆమె అక్కడే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డప్పు మోగుతుండగానే సుభాష్, నరేందర్ కలిసి పిల్లను దించి తల్లి ఒళ్లో పెట్టారు. అప్పుడు డప్పు ఆగింది. మోతీ ముందుకాళ్లు మడిచి రిటర్నింగ్ ఆఫీసర్‌కు సలాం కొట్టింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"మామయ్యా," అన్నది రక్షిత గోపాల్‌తో, కళ్లు తుడుచుకుంటూ, "విమలక్క ఉండంగ నేను వెయ్య."

"గది కాదు..." అన్నాడు నరేందర్. "మా కాండిడేట్ మా అమ్మ."

"నన్ను దించుండ్రిరా," అని ట్రాలీలోంచి వెంకటనర్సమ్మ కేక వేసింది. "నా బొక్కలన్ని కదిలినయి. నా కోడలు ఏస్తది."

ఊరి పెద్దలు తలలూపారు. గోపాల్ వచ్చి నరేందర్ భుజం మీద చేయి వేశాడు. "ఊరంత చూసింది తమ్మీ. నా మనవరాలి కాలు పట్టుకున్నవ్. ఇగ నీతోని నాకేం పంచాయితీ?"

నరేందర్ భార్య వైపు తిరిగాడు. ఓడిపోయే చోటు నుంచి గెలుపు గుంజుకోవడం అతనికి కొత్త కాదు. ఎటు తిరిగి ఎటు వచ్చినా అనుకున్నదే జరుగుతోంది కదా. పేరు విమలది, కుర్చీ...

"వేస్త," అన్నది విమల, మోతీ మెడ నిమురుతూ. "గని కుర్చీల నేనే కూసుంట. నువ్వు పక్క కుర్చీ గూడ ఏసుకోవద్దు. ఇష్టమేనా?"

ఊరంతా అతని జవాబు కోసం చూసింది. నరేందర్ రెండు చేతులూ ఎత్తి అభ్యంతరం చెప్పబోయాడు. గాలిలోకి లేచిన ఆ రెండు చేతులనూ జనం ఆమోదంగా తీసుకుని చప్పట్లు కొట్టారు.

తాళ్లకుంటలో పోలింగ్ జరగలేదు. సర్పంచ్ విమల వారంలో కొన్ని ఉదయాలు పంచాయతీకి ఆలస్యంగా వస్తుంది. అడిగినవాళ్లకు గుర్రం దగ్గరికి పోయానని నిజమే చెబుతుంది. ఆ ఉదయాలే నరేందర్ కూడా గోదాం వైపు వెళ్తుంటాడు. గోపాల్ మీద నిఘా పెట్టానని హన్మంతుతో చెబుతాడు.

నిఘాకు పోయేవాడు జేబులో బెల్లం ముక్క ఎందుకు పెట్టుకుంటాడన్నది హన్మంతు ఇంకా ఆరా తీస్తున్నాడు.